రెండో జవాబు

"సంతకం పెట్టు" అంటూ భర్త రాజీనామా కాగితాన్ని ఆమె ముందుకు తోశాడు.

ఆమె పెన్ను ముట్టుకోలేదు. నాలుగేళ్లుగా రోజుకూలి మీద బస్సు నడుపుతోంది. ఉద్యోగం పర్మనెంటు చేస్తూ ఇంటికి ఉత్తరం వస్తుందని డిపోలో చెప్పి రెండు నెలలైంది. తోటి డ్రైవర్లందరికీ వచ్చింది, ఒక్క ఆమెకు తప్ప.

"రాని ఉత్తరం కోసం ఎన్నాళ్లు చూస్తావు? నువ్వు స్టీరింగు పట్టుకుని ఊరేగుతుంటే, నేనేమో మోకాళ్లు పట్టేసి మంచమెక్కితే, పిల్ల బొమ్మ కోసం అటక అందుకోబోయి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఏం బావా, నేనన్నదాంట్లో తప్పుందా?"

పంచాయితీకి పిలిపించిన ఆమె అన్నయ్య గోడ మీది పిల్లిలా అటూ ఇటూ చూశాడు.

"పిల్ల పడినప్పుడు ఇంట్లో ఉన్నది మీరు" అందామె. "నేను బస్సు వదలను. ఉత్తరం రాకపోతే డిపో గేటు ముందు కూర్చుంటాను."

భర్తకు ఒళ్లు మండింది. దాన్నే అడుగుదామంటూ ఆరేళ్ల కూతుర్ని పిలిచాడు. మొన్నమొన్నటి దాకా ఆ పిల్లను పాలు ఒలక్కపోయుంటే ఏమయ్యేదని అడిగితే, ఒలికాయిగా అనేది. జరగనిదాన్ని ఊహించడం ఆటలా నేర్పింది ఆయనే. ఒక్క జవాబుతో సరిపెట్టకూడదు, రెండోదీ చెప్పాలి అన్నది ఆ ఆటకు ఆయన పెట్టిన రూలు. ఇప్పుడు పిల్ల గురువును మించిపోయింది.

"ఆరోజు అమ్మ ఇంట్లో ఉండుంటే నువ్వు పడేదానివా, తల్లీ?"

"పడేదాన్ని కాదు."

విన్నావా బావా అన్నట్టు చూశాడు తండ్రి. అన్నయ్య కూడా తలూపాడు. మొగుడి ముందు నిలిచిన ఆమె మొండితనం కూతురి మాటకు నిలవలేదు. పెన్ను తీసుకుంది.

పిల్ల కట్టుకట్టిన చేతిని తెచ్చి కాగితం మీద అడ్డంగా పెట్టింది. తియ్యమన్నాడు తండ్రి. తియ్యలేదు. గద్దించాడు. అయినా తియ్యలేదు.

"ఆటింకా అవలేదు. రెండోది చెప్పాలిగా."

"ఇది ఆట కాదే. వెళ్లి ఆడుకో."

"రూలు పెట్టింది నువ్వేగా నాన్నా" అని పిల్ల తల్లి వైపు తిరిగింది. "నీకొచ్చిన ఉత్తరాన్ని అటక మీద దాచమని నాన్న నన్ను స్టూలెక్కించకపోయున్నా పడేదాన్ని కాదమ్మా."