రెండో పేరు

చచ్చిపోయాడని రాసిన పేరు పొద్దున్నకి మళ్ళీ లేచి కూర్చుంది.

కన్నారావు కళ్ళు నులుముకుని కంప్యూటరు తెర వైపు చూశాడు. సూర్యప్రకాష్, వయసు ఇరవై ఆరు, ఉద్యోగంలో ఉన్నాడు. నిన్న సాయంత్రం తన చేత్తోనే 'మరణించాడు' అని మార్చాడు. మొన్నా మార్చాడు. సొంత తమ్ముడి పేరు పక్కన ఆ మాట కొట్టడం ఎవరికైనా జన్మకొక్కసారైనా ఎక్కువే. అతనికి రోజూ తప్పట్లేదు.

బర్మాలో, లమ్మడా పేటలో అన్నదమ్ములిద్దరూ చేరిన మందుల కంపెనీకి అదే ఊళ్ళో చిమిండైంగ్‌లో గోడౌను, ఇన్సేన్‌లో డిపో ఉన్నాయి. మూడు చోట్లా మూడు సర్వర్లు. వాటిపైన రెండు క్లౌడ్ కాపీలు, ఒకటి సింగపూరులో, ఒకటి ముంబైలో. ఎక్కడ ఏది మార్చినా తెల్లారేసరికి అన్ని చోట్లా ఒకేలా ఉండాలి. కరెంటు పోయినా, నెట్ కట్టయినా, ఏదో ఒక చోట కాపీ బతికుండాలి. ఆ ఏర్పాటంతా కన్నారావుదే. ఇప్పుడు అదే అతని పీకకి చుట్టుకుంది.

వానాకాలంలో నది దాటి దలా వెళ్ళే పడవ తిరగబడింది. తమ్ముడు అందులోనే ఎక్కాడని రేవులో నిలబడి ఏడుస్తూ చెప్పింది కన్నారావే. శవం దొరకలేదు. కంపెనీ దండ పంపింది. దినం భోజనాలకి వీధి వీధంతా వచ్చింది. అయినా తల్లి దేముడమ్మ ఇంకా ముగ్గురికే వండుతోంది. వంటింట్లో పైకి చూస్తూ తనలో తాను మాట్లాడుకుంటోంది. మతి చెదిరింది పాపం, అనుకున్నారు పక్కింటివాళ్ళు.

ఆఫీసులోనూ అంతే. మొన్న సూర్యప్రకాష్ పుట్టినరోజని కంప్యూటరు నుంచి అందరి ఫోన్లకీ మెసేజి వెళ్ళింది. అప్పట్నుంచి అతని కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు. ఎవరో దానికి మల్లెదండ వేశారు.

ఎకౌంటెంటు బుల్లియ్య దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "నీ తమ్ముడు ఎల్లడానికి ఒప్పుకోట్లేదు బాబూ. మొక్కేదైనా మిగిలిపోనాదేటో సూడు."

"సూస్తాను," అన్నాడు కన్నారావు.

మేనేజరు ఊ సో విన్‌కి భయం లేదు, విసుగే. "శుక్రవారం మన కుర్రాళ్ళ జాబితా వార్డు ఆఫీసుకి పంపాలి. చీటీలు తీసి, పేరొచ్చినవాణ్ణి బలవంతంగా సైన్యంలోకి పట్టుకెళ్తారట. పోయినవాడి పేరు అందులో ఉంటే మాట పడేది నేను."

"ఉండదు సార్." కన్నారావు మళ్ళీ తెర వైపు తిరిగాడు.

మధ్యాహ్నానికి కారణం దొరికింది. ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామందికిలాగే తమ్ముడికీ రెండు పేర్లు. ఇంట్లో సూర్యప్రకాష్, బయట కో నే లిన్. మొదట ఇన్సేన్ డిపోలో చేరినప్పుడు బర్మా పేరే రాయించాడు, లమ్మడాకి మారాక సూర్యప్రకాష్ అని. పేర్లు రెండైనా గుర్తింపు కార్డు నంబరు ఒకటే. కన్నారావు ఒక పేరునే చంపాడు. రెండో పేరు ఇన్సేన్‌లో రోజూ డ్యూటీకి వస్తోంది. ఒకే మనిషి ఒక చోట పోయి ఇంకో చోట ఉంటే, ఉన్నాడనే నమ్మాలని నియమం పెట్టింది కూడా అతనే.

రైలెక్కి ఇన్సేన్ వెళ్ళాడు. అక్కడ రికార్డులు చూసేది మణిమాల. ఆ పేరుని మార్చే అధికారం ఆమె ఒక్కదానికే ఉంది. తమ్ముడికీ ఆమెకీ పెళ్ళి మాటలయ్యాయి. దీపావళి వెళ్ళాక ముహూర్తం అనుకున్నారు.

"ఆ పేరుకి హాజరెవులు ఏస్తన్నారమ్మా?"

మణిమాల దాచలేదు. "నేనే అన్నా. పొద్దున్న రాగానే ముందు ఆ పేరుకేసి, తర్వాత నాకేసుకుంతాను. నాకింకేటి మిగిలిందని?"

"తీసీమ్మా. శుక్రవారం జాబితా ఎల్లిపోతాది."

"ఎల్లనీ. చీటీలో పేరొస్తే రానీ. లేనోణ్ణి ఎలాగ పట్టుకెల్తారు?"

"మా అమ్మ కాడికొస్తారు," అన్నాడు కన్నారావు. "నీ కొడుకేడీ అని అడుగుతారు. అమ్మ తట్టుకోనేదు మణీ."

మణిమాల అతని వైపు తిరిగింది.

"సొంత తమ్ముణ్ణి ఇన్నిసార్లు చంపడానికి నీకు మనసెలాగొస్తంది అన్నా?"

ఆ మాట సూటిగా గుండెలో దిగింది. ఏదో చెప్పబోయాడు. చుట్టూ ఉన్న బల్లల వైపు, వాటి దగ్గర పని చేసుకుంటున్న మనుషుల వైపు చూసి, ఆ మాట మింగేశాడు.

మణిమాల కళ్ళు తుడుచుకోకుండానే కో నే లిన్ పేరు తెరిచింది. 'మరణించాడు' అని కొట్టి, కుర్చీ వెనక్కి నెట్టి లేచి వెళ్ళిపోయింది.

తెల్లారేసరికి ఆ మాట అన్ని చోట్లకీ పాకింది. లమ్మడాలో వెతికాడు, చిమిండైంగ్‌లో వెతికాడు. సింగపూరు, ముంబై కాపీలు తెరిచి చూశాడు. తమ్ముడు ఎక్కడా ప్రాణాలతో లేడు. శుక్రవారం జాబితా అతని పేరు లేకుండానే వార్డు ఆఫీసుకి వెళ్ళింది.

కన్నారావు బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చేశాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి దేముడమ్మ మూడు కంచాలు పెట్టుకుని కూర్చుంది.

"పనయిపోనాదా?" అంది.

"అయిపోనాదమ్మా. అన్ని సోట్లా."

కన్నారావు తలుపు గడియ వేసి, రేడియో గొంతు పెంచి, అటకకి నిచ్చెన ఆనించి మెల్లగా పిలిచాడు: "దిగరా సూరీ, అన్నం సల్లారిపోతంది."