పదిహేడో నంబరు కత్తి

"ఈ నంబరు కత్తి ఆ కంపెనీ చేయనే లేదు," అన్నాడు ఆర్విడ్, భూతద్దం పక్కన పెడుతూ. "ఎవరో మనల్ని ఆటపట్టిస్తున్నారు. నువ్వోసారి చూడు గున్‌వోర్."

ఎస్కిల్‌స్టూనాలో ఒకప్పుడు వీధికో కత్తుల కార్ఖానా ఉండేది. ఇప్పుడు కార్ఖానాలు పోయి, పాత గడ్డం కత్తులూ వాటి గురించి వాదించుకునే మనుషులూ మిగిలారు. ఏటా వసంతంలో అందరూ ఒకచోట చేరతారు. తాతల నాటి కత్తి ఎవరు తెచ్చినా, పిడి దగ్గర కత్తి మెడ మీది ముద్ర చూసి అది ఏ రకమో చెప్పడం ఆర్విడ్, గున్‌వోర్‌ల పని. గున్‌వోర్ వయసులో ఉండగా ఆ కంపెనీలో ముద్రలు కొట్టే విభాగంలోనే పనిచేసింది.

ఈ కత్తి తెచ్చినావిడ బల్లకు అవతల కూర్చుని ఉంది. పేరు సోల్‌వెయ్. ఓలండ్ దీవుల నుంచి ఓడెక్కి వచ్చింది.

గున్‌వోర్ కత్తిని వెలుతురుకు తిప్పింది. పదిహేడు. ఒకటి నిటారుగా ఉంది. ఏడు కాస్త కుడికి ఒరిగింది.

ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆ కంపెనీ తన కత్తులకు సరిసంఖ్యలే వేసేది. పదిహేడు వేసిన కత్తి లోకంలో ఒక్కటే ఉంది. పెళ్లికి ముందు, మేస్త్రీ కాఫీకి వెళ్లిన సమయం చూసి దాన్ని కొట్టింది గున్‌వోరే. తనూ, కాబోయే భర్త రూనే కాపురానికి మాట్లాడుకున్న గది నంబరు అది. భయంతో చెయ్యి వణికి ఏడు ఒరిగింది. పెళ్లినాడు రూనే ఆ కత్తిని అందుకుని, "బతికున్నన్నాళ్లూ నా గడ్డానికి ఇదే," అన్నాడు.

అది మేలరన్ సరస్సు అడుగున ఉందనే ఆమె ఇన్నాళ్లూ నమ్మింది. రూనే చేపల వేటకు వెళ్లినప్పుడు పడవ తిరగబడింది. వలా, సంచీ, సంచీలో కత్తీ అన్నీ నీళ్లపాలయ్యాయన్నారు.

"ఇది మీకెక్కడిదమ్మా?" అని అడిగింది.

"మా ఆయనదండీ. ఈ పొద్దున కూడా దీంతోనే గీసుకున్నాడు. అలా పక్కన పెట్టాడో లేదో, నేను సంచీలో వేసుకున్నాను." సోల్‌వెయ్ నవ్వింది. "ఓడలో పని ఆయనకు. నెలలో సగం నీళ్ల మీద, సగం ఇంట్లో. ఎక్కడున్నా ఇది పక్కన ఉండాల్సిందే."

"ఆయన రాలేదా?"

"రేవులోనే ఉండిపోయాడు. ఈ ఊరంటే ఆయనకు పడదు. ఎందుకని అడిగితే చెప్పడు. మా అబ్బాయికి మీసాలొస్తున్నాయండీ. వాడికీ ఇలాంటిది కొనిద్దామని నా ఆశ. రకం తెలిస్తే వెతుక్కోవచ్చు కదా."

"అబ్బాయికి ఎన్నేళ్లు?"

"పదహారు నిండాయి. అచ్చం తండ్రి పోలికే."

గున్‌వోర్‌కు పిల్లలు లేరు. ఆమె బెంగపడినప్పుడల్లా రూనే, "మనిద్దరం చాలమా?" అనేవాడు.

"మీ ఆయనకు గడ్డం కింద, ఎడమవైపు, సన్నగా గీత లాంటి మచ్చ ఉందా?"

సోల్‌వెయ్ ఆశ్చర్యపోయింది. "ఉంది. మీకెలా తెలుసు?"

ఆ కత్తి పట్టిన మొదటి రోజే కోసుకున్నాడు. నెత్తురు ఆగేదాకా తన పెళ్లి రుమాలుతో అదిమి పట్టింది గున్‌వోర్.

"కొత్తలో అందరూ అక్కడే కోసుకుంటారులెండి," అంది.

ఆర్విడ్ కుర్చీలో కదిలాడు. "ఇంతకీ ఏమని చెబుదాం? నకిలీయేనా?"

"కత్తి అసలుదే. ముద్ర కొట్టిన పిల్లకే బుద్ధి లేదు."

ఆర్విడ్ పకపకా నవ్వాడు. సోల్‌వెయ్ ముఖం మాత్రం చిన్నబోయింది. "అయితే ఇలాంటిది ఇంకోటి దొరకదా?"

"దొరకదమ్మా. ఉన్నదాన్నే జాగ్రత్తగా చూసుకో."

గున్‌వోర్ కత్తిని పిడిలోకి మడిచి, గుడ్డలో చుట్టి ఇచ్చింది. సోల్‌వెయ్ ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకుని మరీ వెళ్లొస్తానంది. ఆ చేతులు వెచ్చగా ఉన్నాయి. వాటిని ద్వేషించడం గున్‌వోర్ వల్ల కాలేదు.

లేచి కోటు తొడుక్కుంది.

"ఇంకా కాఫీ అయినా రాలేదు. అప్పుడే ఎక్కడికి?" అన్నాడు ఆర్విడ్.

"రూనేతో మాట్లాడాలి."

"వెళ్లిరా," అని ఆర్విడ్ తల దించుకున్నాడు. ఒకప్పుడు అతను ఆమెను నాట్యానికి పిలిచాడు. "నాకు రూనే ఉన్నాడు," అంది ఆమె. ఆ తర్వాత ఎవరు దగ్గరకు రాబోయినా ఆ ఒక్క మాటతోనే ఆపేసింది.

దారి పొడుగునా మాటలు కూడబెట్టుకుంది. ఇన్నేళ్లలో రూనేను ఒక్క పరుషమైన మాట అనలేదు. ఇంటికప్పు కారినా, మోకాలు నొప్పి పెట్టినా, పక్కింటివాళ్లతో మాటపట్టింపు వచ్చినా, నెమ్మదిగా కూర్చుని అతనికి చెప్పుకునేది. అతను ఏమీ అనకపోయినా, వింటున్నాడన్న ధైర్యం ఉండేది. ఇవాళ మాత్రం ఊరంతా వినపడేలా అరవాలనుకుంది. ఆ పిల్లవాడి గురించి, ఆ ఓడ గురించి, ఆ వెచ్చని చేతుల గురించి నిలదీయాలనుకుంది.



మేలరన్ సరస్సు తిరిగివ్వని శవానికి బదులుగా పద్దెనిమిదేళ్ల కిందట తాను పాతించిన సమాధి రాయి ముందు గున్‌వోర్ మోకాళ్ల మీద కూలబడి, రూనే పేరు కింద తన చేత్తో నాటిన పూలమొక్కలన్నిటినీ వేళ్లతో సహా పెరికి పారేసింది.