కంప్యూటర్ చెప్పిన మాత్ర

"ఏమ్మా, ఆ ముండ్లకాయ ఏంది?" ఆటో తాళంచెవి వేలికి తిప్పుకుంటూ తిప్పయ్య కంప్యూటర్‌లోకి తొంగిచూశాడు.

"అదే కరోనా వైరస్సు, నాయనా," అంది కూతురు చౌడేశ్వరి.

తిప్పయ్య గబుక్కున ఒకడుగు వెనక్కి వేశాడు. బొమ్మకే అంత జడిసే మనిషి, ఇంట్లో కూర్చోమంటే మాత్రం వినడు. బెళుగుప్ప నుంచి కళ్యాణదుర్గానికి జనాన్ని ఎక్కించుకుని ఆటో తోలాల్సిందే.

చౌడేశ్వరి యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. కాలేజీలు మూసేయడంతో పని ఇంటికొచ్చింది. కొత్త మందు తయారవ్వాలంటే ఏళ్లు పడుతుంది. అందుకని షాపుల్లో ఇప్పటికే దొరికే మందులను ఒక్కొక్కటిగా కంప్యూటర్‌లో వైరస్ మీదికి వదలాలి. ఏది గట్టిగా పట్టుకుంటుందో చూడాలి. కానీ ఆమె ధ్యాసంతా నాయన మీదే ఉంది. ఈ మనిషికి ఏమైనా అయితే ఎలాగని ఒకటే దిగులు. మాత్ర అంటే ఆయన ఆమడ దూరం పారిపోతాడు మరి.

"ఇంతకీ ఏదన్నా పట్టుకునిందా?" ఉండబట్టలేక అడిగాడు తిప్పయ్య.

చౌడేశ్వరి గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "ఒకటుండాది. ఇంగా బయట చెప్పకూడదు. నువ్వు కాబట్టి చెప్తాండా."

గుట్టు అనేసరికి తిప్పయ్య కళ్లు మెరిశాయి. మరునాడు పొద్దున్నే, కూతురు అరచేతిలో పెట్టిన చిన్న తెల్లమాత్రను కళ్లకద్దుకుని మింగేశాడు.

"ఇంగో మాట నాయనా. ఉప్పు, ఊరగాయ తగ్గించల్ల. ఉప్పెక్కువైతే మాత్ర పట్టు వదిలేస్తాది."

"కంప్యూటర్ చెప్పిందా?"

"కంప్యూటరే చెప్పింది."

పెండ్లయినప్పటి నుంచి భార్య హనుమక్క మొత్తుకున్నా కదలని ఊరగాయ జాడీ ఆ పూటే అటకెక్కింది. హనుమక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది.

నెల తిరిగేసరికి తిప్పయ్య తీరే మారిపోయింది. మాత్ర కాస్త ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేస్తున్నాడు. ఒకరోజు ఆటోస్టాండు స్నేహితుడు నూర్ అహమ్మద్‌ను వెంటబెట్టుకొచ్చాడు.

"వీనికీ ఒకటియ్యమ్మా. పిల్లలు గలోడు."

చౌడేశ్వరి గబుక్కున మాత్రల అట్టను వెనక్కి దాచేసింది. "వద్దొద్దు! ఇది మామకు పడదు. నాయన ఒంటికి సరిపోయే మాత్ర ఇది. మామా, నువ్వు మాస్కు తియ్యొద్దు. నాయనకు ఏయించినట్లే నువ్వూ టీకా ఏయించుకో."

తన ఒక్కడి కోసం కంప్యూటర్ అంత కష్టపడిందా అని తిప్పయ్య పొంగిపోయాడు. మీసం దువ్వుకుని స్నేహితుణ్ణి ఆటో ఎక్కించుకుపోయాడు.

ఆటో చప్పుడు దూరమయ్యాక చౌడేశ్వరి కళ్యాణదుర్గం డాక్టరుకు ఫోన్ చేసింది.

"సార్, మీరు రాసిచ్చినప్పటి నుంచి ముట్టనని మొండికేసిన బీపీ మాత్రను మా నాయన ఇప్పుడు అడిగి మరీ మింగుతాండాడు!"