ఒక్కసారి గెలిస్తే చాలు

"మళ్ళీ ఓడిందా?"

ప్రయూన్ తల వంచుకుని చేప సీసాను గూట్లో పెట్టాడు. లమ్యై చేతిలోని గరిటె నేలకేసి కొట్టింది. వరసగా ఇది ఏడో ఆదివారం!

ఆదివారమంటే సంత. రేవు పక్కన వాళ్ళ నూడుల్స్ బండి దగ్గర ఊపిరాడదు. సరిగ్గా ఆ రోజే మొగుడుగారు, కోళ్ళలా చేపల్ని కొట్లాడించే పందేలకు వెళ్తాడు. పులుసు గుండిగలు మోసేదీ, గిన్నెలు తోమేదీ లమ్యై ఒక్కతే. నడుం విరిగిపోతోంది. రెండు నెలల కిందట ఆమె ఏడ్చి గోల చేస్తే, గుడిలో భిక్షువు ఎదుట ప్రమాణం చేశాడు.

"ఈ నీలం చేప ఒక్కసారి గెలిస్తే చాలు. ఆ మర్నాటి నుంచీ పందేల మొహం చూడను, ఆదివారాలు నీ బండి దగ్గరే. ఓడి మానేస్తే మాత్రం ఊళ్ళో తలెత్తుకోలేనే!"

సరే, గెలిపిద్దాం అనుకుంది లమ్యై. కన్నపిల్లల్ని కూడా అంత శ్రద్ధగా సాకలేదు. గుంటలన్నీ దేవి దోమపిల్లల్ని తెచ్చి మేపింది. ఎండు బాదం ఆకులు నానేసిన నీళ్ళు పోసింది. పక్క సీసాలో ఇంకో చేప కనబడితే రెచ్చిపోయి బలం పోగొట్టుకుంటుందని నల్లగుడ్డ చుట్టింది. ఇంత చేసినా, దించిన రెండు నిమిషాలకే తోక ముడుస్తోంది వెధవ చేప!

"చేపకేం రోగం లేదక్కా," అంది పక్కింటి కంజనా. "మా ఆయన చూశాడట. దించేసరికే ఆయాసంతో సోలిపోతోందట."

"నా ఖర్మ! దానికి ఇంకేం పెట్టి చావను?"

ఎనిమిదో ఆదివారం చేప మంచి చురుగ్గా ఉంది. ఇవాళ గెలుపు ఖాయమనుకుంది లమ్యై. మొగుడు బయల్దేరాక చూస్తే అన్నం పొట్లం బల్ల మీదే ఉంది. బండి కంజనాకి అప్పజెప్పి, పొట్లం పట్టుకుని సైకిలెక్కింది.

కాలవ మలుపులో ఆమె బ్రేకు వేసింది.

గట్టున మోటారుసైకిలు ఆపి, గుడ్డ విప్పిన సీసాను దాని అద్దానికి ఆనించి, తన నీడనే శత్రువనుకుని ఎగిరెగిరి పడుతున్న చేపను ప్రయూన్ బతిమాలుతున్నాడు: "ఇంకో పది నిమిషాలు ఎగురు నాన్నా, పొరపాటున గెలిచావంటే వచ్చే ఆదివారం నుంచి నేను గిన్నెలు తోమాలి!"