గొడుగుల కొట్లో బెత్తాలు

గడ్డపార దెబ్బకు గొడుగుల కొట్టు అద్దం భళ్లున పగిలి, లోపల కుర్చీలో కూర్చుని టీ తాగుతున్న మాస్టారి ఒళ్లో పడింది.

"ఖాళీ చేస్తావా, చేయించమంటావా?" అన్నాడు గడ్డపార పట్టుకున్నవాడు, గల్లా దగ్గరున్న కొట్టు పెద్దాయనతో. వాడి వెనక ఇంకో ముగ్గురు ఇనప రాడ్లతో నిలబడ్డారు.

ఆ బజారులో పాత కొట్లన్నీ ఎప్పుడో లేచిపోయాయి. గడియారాల కొట్టు లేదు, టోపీల కొట్టు లేదు, పెన్నులకు పాళీలు మార్చే ఆయన బల్ల కూడా లేదు. అద్దాల మేడ కట్టేవాళ్లకి ఈ మూల కొట్టొక్కటే అడ్డం. ఊరందరికీ గొడుగులమ్మిన మనిషే గానీ, ఏ ఎండకా గొడుగు పట్టడం పెద్దాయనకి చేతకాలేదు.

"మా నాన్న పెట్టిన కొట్టిది. కదలను," అన్నాడాయన.

రాడ్డు మోకాలి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు మాస్టారికి స్పష్టంగా వినిపించింది. పెద్దాయన గొడుగుల మీదే కూలబడ్డాడు. ఆ తర్వాత అలమరాలు పడ్డాయి, చేతికర్రలు విరిగాయి, గొడుగుల ఊచలు కాళ్ల కింద వంకర్లు తిరిగాయి. మాస్టారు టీ గ్లాసుతో సహా కుర్చీలో వెనక్కి జరిగారు.

అప్పుడు వాళ్ల నాయకుడు తాపీగా లోపలికి వచ్చాడు. దుక్కలాంటి మనిషి. కుడిచేతి వేళ్లు రెండు వంకరపోయి ఉన్నాయి, వాటి మధ్య సిగరెట్టు. ఎన్ని కొట్లాటల్లో విరిగాయో పాపం, అనుకున్నారు మాస్టారు. ఆ మనిషి ఆయన్ని చూడగానే సిగరెట్టు కింద పడేసి చెప్పుతో నలిపాడు.

"నమస్కారం మాస్టారూ. బాగున్నారా?"

"ఎవరు నాయనా?"

"మీ మొదటి బడి మాస్టారూ. మీకు కొత్తగా ఉద్యోగం వచ్చిన బడి. కిటికీ పక్క బెంచీ నాది."

మాస్టారి ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఎన్ని బళ్లు మారినా ఆ మొదటి బడి మీదున్న మమకారం ఆయనకి ఇంక దేని మీదా లేదు. కళ్లు చెమర్చాయి కూడా.

"మాస్టారూ, మీరైనా చెప్పండి," అని మూలిగాడు కింద పడ్డ పెద్దాయన.

"నువ్వేం భయపడకు. వీడు నా శిష్యుడు," అన్నారు మాస్టారు. గొంతులోకి పాత దర్పం వచ్చేసింది. "ఏరా, ఈ కొట్టు గుర్తులేదూ నీకు?"

"గుర్తులేకేం మాస్టారూ. మీరిక్కడే కూర్చుంటారని తెలిసే ఈ పని నేను ఒప్పుకున్నా. లేకపోతే వేరేవాళ్లు వచ్చేవాళ్లు."

"విన్నావా?" అన్నారు మాస్టారు పెద్దాయనతో. "ఆ రోజులే వేరయ్యా. తప్పు చేసినవాణ్ని వాడి కాళ్లతోనే ఇక్కడికి పంపేవాణ్ని, నీ బెత్తం నువ్వే ఎంచుకు రారా అని. సన్నది తెస్తే రెండింతలు. దండం దశగుణం భవేత్ అని ఊరికే అన్నారా? ఇప్పుడేముంది, పిల్లల్ని కసిరితేనే పెద్ద తప్పు."

"నూనె రాసి మరీ ఇచ్చేవారు పెద్దాయన," అన్నాడు నాయకుడు. "విరక్కుండా."

మాస్టారు పకపకా నవ్వారు. నాయకుడూ నవ్వాడు. ఆ నవ్వు చూసి ధైర్యం వచ్చిందేమో, గడ్డపారవాడు మూలనున్న ఇత్తడి బిందె మీదికి చెయ్యెత్తాడు. అందులో అమ్ముడుపోని బెత్తాలు ఇంకా గుత్తిగా నిలబడి ఉన్నాయి. నాయకుడు ఒక్క గుద్దు గుద్దాడు. వాడు గోడకు కొట్టుకుని ముక్కు పట్టుకుని కూర్చున్నాడు, వేళ్ల సందుల్లోంచి రక్తం.

"అవొక్కటీ ముట్టుకోవద్దని దారిలోనే చెప్పానా లేదా?"

మాస్టారి ఒళ్లు పులకరించింది. చదువు అబ్బకపోతేనేం, భక్తి అబ్బింది. మొక్కగా ఉన్నప్పుడు వంచినందుకే కదా ఇవాళ ఇంత మాను తన ముందు వంగి నిలబడింది.

"అయితే నా మాట విను. ఈయన్ని ఆస్పత్రికి పంపించు. ఈ కొట్టు జోలికి రావద్దని మీవాళ్లకి చెప్పు. నా ముఖం చూసి వదిలెయ్యి."

"మీ మాట ఎప్పుడు కాదన్నాను మాస్టారూ," అంటూ మనుషుల వైపు తిరిగాడు. "పెద్దాయన్ని బండెక్కించండి. కాలు కదలకుండా పట్టుకోండి. ఇక ఈ కొట్టు మీద ఎవడైనా చెయ్యేస్తే ఆ చెయ్యి నేను తీస్తా."

పెద్దాయన్ని నలుగురూ పసిపిల్లాణ్ని ఎత్తినట్టు ఎత్తారు. ఆయన పోతూ పోతూ మాస్టారికి రెండు చేతులూ జోడించాడు. మాస్టారు ఒళ్లోని గాజుముక్కలు దులుపుకుని, కండువా సర్దుకుని, వాళ్ల వెనకాలే గడప దాటబోయారు.

"మీరుండండి మాస్టారూ."

నాయకుడు షట్టరు కిందికి లాగాడు. లైటు వేశాడు. మాస్టారు లేచిన కుర్చీని ఎదురుగా లాక్కుని, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. వంకరపోయిన వేళ్లతో ఇత్తడి బిందె చూపించాడు.

"వెళ్లి మీ బెత్తం మీరే ఎంచుకు రండి. సన్నది తేకండి మాస్టారూ, తెస్తే రెండింతలు."