నూకరత్నం మూడు ఇంటిపేర్లు

కూతురి ఓణీల వేడుక నాడు పొద్దున్నే గోడమీది బంధుపెట్టె గొంతు విప్పేసరికి సుజన చేతిలో పని వదిలేసి పరుగున వచ్చింది. ఆ పెట్టె లేని ఇల్లు ఇప్పుడు అనకాపల్లిలో లేదు. పాత రికార్డులన్నీ మింగి కూర్చుని, ఎవరి చావుకి ఎవరికి మైలో అదే చెబుతుంది. మైల ఉన్న ఇంటి గడప వంటవాళ్ళూ తొక్కరు, పురోహితుడూ తొక్కడు.

"బొడ్డేటి సింహాచలం గారు కాలం చేశారు. ఆయన వదిన నూకరత్నం గారికి పది రోజులు మైల," అంది పెట్టె.

ఆ మాట చెవిన పడగానే వంటవాళ్ళ బండి వీధి మొదట్లోనే ఆగిపోయింది.

"అత్తా, మనం కర్రి వాళ్ళం కదా! ఈ బొడ్డేటి వాళ్ళెవరు?" అని అత్తగారు నూకరత్నాన్ని అడిగింది సుజన.

"నా మొదటి పెనిమిటి ఇంటోళ్ళే. ఆయన పోయాకే మీ మావని సేసుకున్నాను. ఆ ముక్క దీనికి తెలీదు," అంటూ నూకరత్నం పెట్టె ముందుకు నడిచి తన రెండో పెళ్ళి సంగతి చెప్పింది.

"అయితే బొడ్డేటి పేరు తీసేయమంటారా?" అంది పెట్టె.

"ఎందుకు తీసెత్తావు? పుట్టింటి ఆడారి, తర్వాత బొడ్డేటి, ఆ తర్వాత కర్రి. మూడూ వరసగా రాసీ."

"రాశాను. మీకు మైల లేదు."

బండి కదిలింది. హమ్మయ్య అనుకుని సుజన పసుపు కలపబోయేసరికి, పెరట్లో అత్తగారు చెంబుతో తలమీద నీళ్ళు గుమ్మరించుకుంటోంది.

"మైల లేదందిగా అత్తా, మళ్ళీ స్నానమేటి?"

"మైలక్కాదే. 'మా వదినకి మళ్ళీ పెళ్ళి సెయ్యాల' అని నాకోసం ఊరందరి ముందూ నిలబడ్డది ఆ సింహాచలమే," అంది నూకరత్నం, తల తుడుచుకుంటూ. "ఆయనే లేపోతే, ఈ ఇంట్లో ఓణీ కట్టుకోడానికి పిల్లెక్కడిదే?"