లాగితేనే దారం

సాలీడు పట్టును బయటికి తొయ్యదు, లాగుతుంది. లోపలి జిగురు ఆ లాగుడుకే దారమవుతుంది. ల్యాబులో ఆమె తీసే కృత్రిమ పట్టుకూ అదే లెక్క. జిగురు కారే సూది ఆమె బల్ల మీద, లాగే మోటారు పొడవాటి వరండా ఆ చివర. తెల్లారేలోగా తెగని వంద మీటర్లు చూపించకపోతే ఆరు నెలల పని మూతపడుతుంది.

తొంభై దగ్గర కరెంటు పోయింది.

"ఇంటికి పోవే, మొండిదానా!" అంది ఫోన్లో అక్క.

"పోయి గోడలతో కబుర్లాడనా అక్కా?"

ఫోన్ పెట్టి టార్చి వేసింది. మోటారు చప్పుడు లేదు. దారం మాత్రం సాగుతూనే ఉంది.

"ఎవరక్కడ?"

దారం ఆగింది. మెల్లగా రెండుసార్లు అదిరింది.

తెంపితే పనంతా దండగ. పైగా, ఈ వేళ తనను పలకరించే వాళ్లెవరున్నారు? వేలికొనతో ఆమె కూడా రెండుసార్లు మీటింది.

దారం వదులైంది. అవతలి చివర ఆమె దగ్గరికొస్తోంది.